ఎనిమిదో రోజు లెక్క

రాజేంద్రనగర్‌లో పొద్దున ఎనిమిదిన్నరకే
తడి కాగితం చుట్టలు విప్పుతాను.
ఒక్కో చుట్టలో వంద సోయా గింజలు,
ఒక్కో గింజకూ ఒకటే ప్రశ్న:
ఉన్నావా?

వేరూ కాండమూ సక్కగా ఉంటే ఒక గీత.
వంకర పోతే పక్క గడిలో గీత.
వేలితో నొక్కితే మెత్తగా చితికి
పులిసిన వాసన కొడితే దానికీ ఓ గడి ఉంది.
చచ్చినవాటిని కూడా లెక్కపెట్టకపోతే
మొత్తం వందకు రాదు.

గోదాములో నాలుగు రకాల సంచులు.
ఒకటి, నూర్చిననాడు ఎట్లుందో అట్లే.
ఒకటి వేపాకు పొడి కలిపింది.
ఒకటి మందు పట్టించి పల్చటి పొర కప్పింది,
అచ్చం పీచుమిఠాయి రంగు.
నాలుగోదాన్ని తడి ఇసుకలో పడుకోబెట్టి
వేరు తోసుకొచ్చే గడియకు ముందే ఆపి
నీడన ఆరబెట్టి, పాత బరువుకు తెచ్చి
ఏమీ జరగనట్టు మళ్లీ మూతి కుట్టాం.

మొదటి నెల నాకు ఆ నాలుగోదే ముద్దు.
తక్కినవి ఇంకా కళ్లు నులుముకుంటుంటే
మూడో రోజుకే తెల్లటి వేరు చాపింది.
తొంభై ఒకటి అని రాసిన రోజు
క్యాంటీన్ నుంచి ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాను.

ఐదో నెల, డెబ్బై ఆరు.
జూన్‌లో హిమాయత్‌సాగర్ మీంచి చెమ్మగాలి తిరిగింది,
గోనెసంచి దానికి అడ్డమా?
ఏడో నెల, యాభై ఎనిమిది.
డెబ్బైకి దిగితే అది విత్తనం కాదు, దాణా.
గులాబీ సంచి మాత్రం ఎనభై దగ్గరే కూర్చుంది
ఎవరితోనూ పందెం లేనట్టు.

బుద్వేల్ నుంచి సైకిలు మీదొచ్చే మొగులయ్య
ట్రేలు కడుగుతూ అన్నాడు:
"నిద్రలేపిన పోరన్ని మల్ల జోకొడితే పంటడా మేడం?
పంటడు. గని అది నిద్రగాదు."

బలం తగ్గిన గింజను రాత్రంతా నీళ్లలో ఉంచితే
తన ఉప్పంతా వదిలేసుకుంటుంది.
మీటరు ఆ నీళ్లలోంచి గుట్టు చదువుతుంది.
నాకు మీటరు పెట్టేవాళ్లు లేరు గానీ
పదకొండు నెలలకోసారి నన్నూ ఆరబోస్తారు:
ఒక రోజు విరామం,
కొత్త కాగితం, పాత జీతం,
మళ్లీ అదే సంచి.

నిన్న షాబాద్ దిక్కు నుంచి పెంటమ్మ వచ్చింది,
ఆరాంఘర్ చౌరస్తాలో ఇద్దరిని అడిగి,
కొంగుముడిలో కందులతో.
"మొగులు జూసి ఇత్తులు నానవెట్టిన బిడ్డా.
మొగులు వట్టిగ వోయింది. చాపల ఆరవోసిన.
ఇగ ఇవి ఎన్నొద్దులుంటయి?"
మొగులు మాటకు మొగులయ్య నవ్వాడు,
ఆమె నవ్వలేదు.

వారం పది రోజుల్లో పదును దొరికితే వెయ్యమన్నాను.
పక్కచేను కన్నా ముందే లేస్తాయన్నాను.
వచ్చే యేటికి మాత్రం దాచొద్దన్నాను.
"పదును దొరక్కపోతే?"
నా పట్టికలో దానికి గడి లేదు.
"ఏముంది, మందు కలపలే గద,
పప్పండుకుంటం" అని
తనే జవాబు చెప్పుకుని ముడి బిగించింది.
గులాబీ గింజకు ఆ దారి కూడా లేదని
అప్పుడు తట్టింది నాకు.

ఆమె పోయాక బల్ల మీద పది కందులు మిగిలాయి,
నమూనాకని తనే పోసిపోయినవి.
ఎవరూ అడగని చుట్ట ఒకటి చుట్టి
పెట్టెలో మూలకు నిలబెట్టాను.

ఆరో రోజు విప్పితే, పదికి తొమ్మిది.
ఫోన్ నంబరు తీసుకోలేదు.
షాబాద్ దిక్కు అంటే ఎన్ని ఊళ్లు!
రిజిస్టరు అంచున పెన్సిల్‌తో
తొమ్మిది అని రాసి చుట్టూ సున్న చుట్టాను.
కిటికీలోంచి చూస్తే
ఇంకా మొగులే.